ఏ స్క్రూజ్‌ను ఎంచుకోవాలి? ‘ఎ క్రిస్మస్ క్యారల్’ సినిమాల మధ్య ఒక పోలిక

డిసెంబరు మొదలై, మా చర్చిలో సెమీ క్రిస్మస్ తేదీ ఖరారయ్యాక, ఎవరో ఒకరు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఎంగిలిచేత్తో కాకిని తోలని ముసలివాడు ఒక్క రాత్రిలో మారిపోయే ఆ ఇంగ్లీషు దెయ్యాల కథను సినిమాగా చూడాలంటే ఏది తెచ్చుకోవాలి? ప్రశ్న చిన్నదే గాని, చార్లెస్ డికెన్స్ 1843 డిసెంబరు 19న వెలువరించిన ‘ఎ క్రిస్మస్ క్యారల్’ అనే ఆ చిన్న పుస్తకాన్ని 1901 నుంచి నేటి దాకా మూకీలుగా, టాకీలుగా, పాటల సినిమాలుగా, బొమ్మలాటగా, కంప్యూటర్ చిత్రాలుగా ఎన్నిసార్లు తీశారో లెక్క పెట్టడమే కష్టం కాబట్టి, ఒక్క మాటలో జవాబు చెబితే అడిగినవారికి దక్కేది తక్కువ. అయినా ముందుగా ఆ ఒక్క మాట చెప్పేస్తాను. జీవితంలో ఒక్కటే చూసే వీలుంటే 1951లో బ్రిటన్‌లో తీసిన నలుపు తెలుపు సినిమాను, అలస్టర్ సిమ్ నటించినదాన్ని చూడండి. ఇంట్లో పదేళ్లలోపు పిల్లలుంటే ఈ సలహా మారుతుంది. పుస్తకం చదివి దాన్నే తెర మీద వెతుక్కునేవారికి మరోలా మారుతుంది. ఆ మార్పులు ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

కథ తెలియనివారికి నాలుగు మాటలు. లండన్‌లో ఎబనీజర్ స్క్రూజ్ అనే వడ్డీ వ్యాపారి ఉంటాడు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం మేనల్లుడు ఫ్రెడ్ భోజనానికి పిలిస్తే కసిరి పంపుతాడు, పేదల కోసం చందా అడగడానికి వచ్చిన పెద్దమనుషులను వెళ్లగొడతాడు, గుమాస్తా బాబ్ క్రాచిట్‌కు మర్నాడు సెలవివ్వడానికి సణుగుతాడు. ఆ రాత్రి, ఏడేళ్ల కిందట చనిపోయిన వ్యాపార భాగస్వామి మార్లీ ఆత్మ గొలుసులు ఈడ్చుకుంటూ వచ్చి హెచ్చరిస్తుంది. ఆ తరువాత గతం, వర్తమానం, రాబోయే కాలం అనే మూడు ఆత్మలు ఒకదాని వెంట ఒకటి వచ్చి అతని బతుకును అతనికే చూపిస్తాయి. తెల్లవారేసరికి అతను వేరే మనిషి. డికెన్స్ తన పుస్తకానికి గీతం అని పేరు పెట్టుకున్నందుకు తగ్గట్టుగా అధ్యాయాలను కూడా చరణాలనే పిలిచాడు, అవి అయిదు.

ఇక ఎంపికకు కొలబద్ద. చాలామంది దెయ్యాలను చూసి సినిమాను ఎంచుకుంటారు. మార్లీ ఎంత భయపెట్టాడు, మూడో ఆత్మ ముసుగు ఎంత నల్లగా ఉంది అని చూస్తారు. నా దృష్టిలో అది తప్పుడు కొలత. భయపెట్టడం సినిమాకు తేలికైన పని. దాదాపు ఈ సినిమాలన్నీ ఆ పనిని ఏదో ఒక మేరకు చేసుకుపోయాయి. కష్టమైనది చివరి పావుగంట. అంతవరకు పీనాసిగా బతికిన మనిషి తెల్లవారి మంచం దిగి గంతులు వేస్తుంటే మనం నమ్ముతామా, లేక ఇది కథ గనుక ఇలా ముగియాలి కాబోలు అని ఊరుకుంటామా? ఆ నమ్మకం చివర్లో పుట్టదు, మొదటి అరగంటలోనే దానికి పునాది పడాలి. స్క్రూజ్ అసలెందుకు అలా అయ్యాడో సినిమాకు తెలిసి ఉండాలి. ఈ రెండింటినీ, అంటే అతను గడ్డకట్టిన తీరును, కరిగిన తీరును పక్కపక్కన పెట్టి చూస్తే ఏ సినిమా ఎంత బరువో తేలిపోతుంది.

పేర్ల దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. 1935, 1951, 1970 సంవత్సరాల్లో వచ్చిన మూడు సినిమాలకూ బ్రిటన్‌లో పేరు ‘స్క్రూజ్’ అనే ఉంది. వాటిలో 1951 సినిమాకు అమెరికాలో మాత్రం పుస్తకం పేరే పెట్టారు. అదే పుస్తకం పేరుతో 1938, 1984, 1999, 2009 సినిమాలు వేరే ఉన్నాయి. అందువల్ల పేరు చూసి కాకుండా సంవత్సరం, నటుడి పేరు చూసి తెచ్చుకోవాలి. నేను ఈ పాఠం నలుగురిలో నేర్చుకున్నాను. ఒక ఏడాది యువజనుల కూటానికి 1951 సినిమా గురించి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చి, దీపాలు ఆర్పించి, ప్రొజెక్టర్ వేస్తే తెర మీద రంగులు, పాటలు మొదలయ్యాయి. నేను తెచ్చింది 1970 సినిమా. పిల్లలు దాన్ని ఆనందంగానే చూశారు. నా ఉపన్యాసం ఎవరికీ గుర్తు లేకపోవడం ఒక్కటే నాకు మిగిలిన ఊరట.

1951: అలస్టర్ సిమ్

ఈ సినిమాకు దర్శకుడు బ్రయాన్ డెస్మండ్ హర్స్ట్, స్క్రీన్‌ప్లే రచయిత నోయెల్ లాంగ్లీ. నిడివి సుమారు 86 నిమిషాలు. పుస్తకంలో లేనివి చేర్చడంలో లాంగ్లీ చూపిన ధైర్యమే ఈ సినిమా బలం. డికెన్స్ స్క్రూజ్ యవ్వనాన్ని కొద్ది పేజీల్లో దాటిపోతాడు: బడిలో ఒంటరిగా మిగిలిన పిల్లవాడు, ఫెజ్జీవిగ్ అనే మంచి వ్యాపారి దగ్గర సంతోషంగా పనిచేసిన కుర్రవాడు, డబ్బు కోసం ప్రేమించిన అమ్మాయిని పోగొట్టుకున్నవాడు. మధ్యలో ఏమి జరిగిందో పాఠకుడే ఊహించుకోవాలి. లాంగ్లీ ఆ ఖాళీలను పూరించాడు. సినిమాలో స్క్రూజ్ తల్లి అతన్ని కని చనిపోతుంది, తండ్రి ఆ నేరం పసివాడి మీద మోపుతాడు. పుస్తకంలో చిన్నదైన చెల్లెలు ఫ్యాన్ ఇక్కడ అక్క అవుతుంది. ఆమె కూడా ఫ్రెడ్‌ను కని చనిపోతుంది. తండ్రి తనకు చేసిన అన్యాయాన్నే స్క్రూజ్ మేనల్లుడికి చేస్తున్నాడన్నమాట. ఫ్యాన్ చివరి మాటగా తన బిడ్డను చూసుకోమని తమ్ముణ్ణి అడుగుతుంది గాని, దుఃఖంతో అతను అప్పటికే గది దాటి వెళ్లిపోయాడు. ఆ మాట అతను మొదటిసారి వినేది ముసలితనంలో, ఆత్మ పక్కన నిలబడి. అంతవరకు ఆత్మతో వాదిస్తూ వచ్చిన మనిషి అక్కడ విరిగిపోతాడు. ఫ్రెడ్ ఇంటి భోజనానికి వెళ్లడం అనే చిన్న సంగతికి పుస్తకంలో లేని బరువు ఈ ఒక్క మార్పుతో వచ్చింది.

రెండో చేర్పు జోర్కిన్ అనే పాత్ర. నటుడు జాక్ వార్నర్. కుర్ర స్క్రూజ్‌ను ఫెజ్జీవిగ్ కొట్టు నుంచి పెద్ద కంపెనీలోకి లాగేది ఇతనే. కొన్నేళ్లకు జోర్కిన్ కంపెనీ సొమ్ము తినేశాడని తేలినప్పుడు, బెంబేలెత్తిన డైరెక్టర్ల ముందు స్క్రూజ్, మార్లీ ఇద్దరూ చల్లగా కూర్చుని, లోటు తాము పూడుస్తామనీ అందుకు నూటికి 51 వాటాలు తమకు రావాలనీ చెబుతారు. దయ్యం లేదు, గొలుసు లేదు, ఒక బల్ల చుట్టూ కొందరు పెద్దమనుషులు ఉన్నారు, అంతే. అయినా మనిషి మనిషి కాకుండా పోయే ఘడియను సినిమా ఇక్కడే పట్టుకుంది. అక్కడ మార్లీగా కనిపించే యువకుడు పాట్రిక్ మాక్నీ. ఆత్మగా వచ్చే మార్లీ మైకేల్ హార్డెర్న్.

ఆ తరువాత వచ్చే మార్లీ మరణం కూడా లాంగ్లీ చేర్చిందే. పనిమనిషి డిల్బర్ ఆఫీసుకు వచ్చి మార్లీ చివరి ఘడియల్లో ఉన్నాడని చెబితే, ఆఫీసు మూసే వేళ అయ్యాకే వస్తానంటాడు స్క్రూజ్. చావు కబురు చల్లగా చెప్పేవారిని చూశాం గాని ఇంత చల్లగా వినేవాణ్ణి చూడలేదు. అతను వెళ్లేసరికి శవపేటికలవాడు ముందే వచ్చి కాచుకుని ఉంటాడు. ఆ వేషంలో ఎర్నెస్ట్ థెసిగర్ ముక్కుసూటి ముఖంతో నిలబడటం భయానకమా హాస్యమా తేల్చుకోలేము. మంచం మీద మార్లీ, మనం పొరబడ్డాం అన్న ముక్క ఎలాగో పలుకుతాడు. స్క్రూజ్‌కు అర్థం కాదు, లేదా అర్థం కావడం ఇష్టం లేదు.

దగ్గరగా చూడవలసిన చిన్న సన్నివేశం ఒకటి ఉంది. మొదట్లో స్క్రూజ్ ఒక హోటల్లో ఒంటరిగా భోజనం చేస్తూ ఇంకొంచెం రొట్టె తెమ్మంటాడు. దానికి అర పెన్నీ అదనం అని సర్వర్ చెబుతాడు. ఒక క్షణం ఆగి, అయితే వద్దంటాడు. సంభాషణ అంతే. సిమ్ ముఖం చూడండి: ఆకలి ఉంది, ఆశ ఉంది, తరువాత లెక్క వచ్చి ఆ రెండింటినీ తుడిచేస్తుంది. ఇతరుల నోటి దగ్గర కూడు లాగే పిసినారిని ఎవరైనా చూపగలరు. తన నోటికే పెట్టుకోలేని పిసినారిని చూపినందువల్ల మనకు అతని మీద కోపంతో పాటు కొంచెం జాలి కూడా అంటుకుంటుంది. మా నాయనమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఈ సన్నివేశం దగ్గర ఆమె ‘వీడు మన కరణం గారే’ అని నవ్వింది. అప్పుడు నాకు ఈ సినిమా మీద నమ్మకం కుదిరింది.

ఇక క్రిస్మస్ ఉదయం. సిమ్ నవ్వుతాడు, గెంతుతాడు, తల కిందులుగా నిలబడాలనుకుంటాడు, నిలబడతాడు కూడా. టీ పట్టుకొచ్చిన డిల్బర్‌కు యజమానికి మతి పోయిందనిపించి, ఆప్రాన్ మొహం మీదికి లాక్కుని కేకలు పెడుతూ మెట్లు దిగి పరుగెత్తుతుంది. అతను వెంటబడి పట్టుకుని, చేతిలో ఒక గినీ నాణెం పెట్టి, వారానికి రెండు షిల్లింగుల జీతాన్ని పదికి పెంచుతాడు. కాథ్లీన్ హారిసన్ ఆ డబ్బును చూసే చూపు, చెవులు నమ్మాలా వద్దా అని తటపటాయించే తీరు లేకపోతే సిమ్ ఆనందం అంత పండదు. మంచితనం ఎదుటివాళ్లకు మొదట పిచ్చిగానే కనిపిస్తుందన్న సంగతి ఇంత బాగా పట్టుకున్న సన్నివేశం మిగతా వాటిలో లేదు. పుస్తకంలో ఇది లేదు; పైగా, రాబోయే కాలంలో యజమాని శవం ఇంకా ఇంట్లో ఉండగానే మంచం పరదాలు ఊడదీసి పాత సామాన్ల జో దగ్గర అమ్మేది ఈ సినిమాలో ఈ డిల్బరే. శవాల మీద పేలాలు ఏరుకోవడం కళ్లారా చూసి వచ్చినవాడు ఆమెనే పట్టుకుని గినీ ఇస్తున్నాడని గుర్తుంచుకుని చూడండి.

దాని తరువాత ఫ్రెడ్ ఇంటి గుమ్మం. లోపల ‘బార్బరా ఆలెన్’ అనే పాత జానపద గీతం వినిపిస్తుంటుంది. తలుపు తీసిన పనిపిల్ల, లోపలికి వెళ్లడానికి ధైర్యం చాలక నిలబడిపోయిన ముసలాయన్ని చూసి, మాట్లాడకుండా తల ఊపి చిరునవ్వుతో ప్రోత్సహిస్తుంది. అతను లోపలికి వెళ్లి, అంతవరకు ముఖం కూడా చూడని మేనకోడలిని క్షమించమని అడుగుతాడు. పుస్తకంలో స్క్రూజ్ భోజనానికి వచ్చాను, రానిస్తావా అని మాత్రమే అంటాడు. క్షమాపణ అడగడానికి ఒక మనిషికి ఎంత కష్టమో చూపినందువల్ల మార్పు నిజమైంది. నేను పైన చెప్పిన కొలబద్దకు ఈ గుమ్మమే గుర్తు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. గతం తాలూకు ఆత్మ సాదాసీదా పెద్దాయనలా ఉంటుంది. డికెన్స్ వర్ణించిన, పిల్లవాడిలానూ ముసలివాడిలానూ ఒకేసారి కనిపించే విచిత్ర రూపం కాదు. హార్డెర్న్ పెట్టే ఏడుపులు కొందరికి అతిగా తోస్తాయి. క్రాచిట్ కొడుకు, జబ్బుపడిన టైనీ టిమ్ పోషణ బాగానే ఉన్న అబ్బాయిలా ఉంటాడు. గతం భాగం సినిమాలో ఎక్కువ చోటు ఆక్రమించడం వల్ల చివరి ఆత్మ వంతు కొంత కురచైంది. వీటిలో ఏదీ నాకు అడ్డు రాలేదు.

ఒక విశేషం. సినిమాలో కుర్ర స్క్రూజ్‌గా నటించిన జార్జ్ కోల్‌ను నిజ జీవితంలో పదిహేనేళ్ల వయసు నుంచి తమ ఇంట్లో ఉంచుకుని పెంచింది సిమ్ దంపతులే. యువకుడి నడకలో ముసలివాడు కనిపించడం కేవలం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

1984: జార్జ్ సి. స్కాట్

1951 సినిమాకు నిలబడి పోటీ ఇచ్చేది నా లెక్కలో ఇదొక్కటే. అమెరికా టెలివిజన్ కోసం తీసిన ఈ సినిమాకు దర్శకుడు క్లైవ్ డానర్. 1951 సినిమాను ఎడిట్ చేసింది ఆయనే. ముప్పై మూడేళ్ల తరువాత అదే కథను తన చేతుల్లోకి తీసుకున్నప్పుడు పాత సినిమాను అనుకరించకుండా దాదాపు ప్రతి చోటా వేరే దారి పట్టాడు. ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ పట్టణంలో, రంగుల్లో తీశారు. అక్కడి సెయింట్ చాడ్స్ చర్చి ఆవరణలో స్క్రూజ్ పేరు చెక్కించిన సమాధిరాయి సినిమా అయిపోయాక కూడా అక్కడే ఉండిపోయి, ఏళ్ల తరబడి చూసేవారిని రప్పించింది.

సిమ్ స్క్రూజ్ లోపల ఎక్కడో భయపడుతున్న మనిషి. స్కాట్ స్క్రూజ్‌కు భయం లేదు. లావుపాటి భుజాలు, స్థిరమైన నడక, మార్కెట్లో ధాన్యం బేరమాడుతున్నప్పుడు ఎదుటివాళ్ల అవసరాన్ని కనిపెట్టి ధర పెంచే నెమ్మది, తాను చేసేదంతా న్యాయమేనన్న గట్టి నమ్మకం అతనివి. మన మధ్య తిరిగే పెద్ద వ్యాపారులకు సిమ్ కంటే ఇతనే దగ్గర. చందా అడిగినవారిని జైళ్లు లేవా, వర్క్‌హౌస్‌లు (పేదలను ఉంచి పని చేయించే ఇళ్లు) లేవా అని అడిగి, చచ్చేవాళ్లు చస్తే అదనపు జనాభా తగ్గుతుందని అనే మాట ఇతని నోట పిసినారి విసురులా కాక ఆర్థిక సిద్ధాంతంలా వినిపిస్తుంది. డికెన్స్ ఉద్దేశించిందీ అదే. 1834లో వచ్చిన కొత్త పేదల చట్టం సహాయం కోరినవారిని వర్క్‌హౌస్‌లలోకి తోసింది, జనాభా గురించి ఆర్థికవేత్త మాల్థస్ చెప్పినవాటిని చదువుకున్నవాళ్లు పేదల మీద ప్రయోగించేవారు, 1843లో బాలకార్మికుల మీద వచ్చిన ప్రభుత్వ నివేదిక డికెన్స్‌ను కలవరపెట్టింది. పన్నెండేళ్ల వయసులో తండ్రి అప్పుల జైలుకు పోతే తాను బూటుపాలిష్ కర్మాగారంలో సీసాలకు చీటీలు అంటించిన మనిషికి ఆ వాదం ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ కోపం మిగిలి ఉండటం ఈ సినిమాకు ఉన్న పెద్ద గుణం. వర్తమానపు ఆత్మగా ఎడ్వర్డ్ వుడ్‌వర్డ్ నవ్వుతూ మొదలై, టైనీ టిమ్ సంగతి వచ్చేసరికి స్క్రూజ్ అన్న మాటలనే అతని ముఖాన కొడతాడు. ఆత్మ అంగీ కింద నుంచి అజ్ఞానం, దారిద్ర్యం అనే ఇద్దరు పిల్లలు బయటపడే ఘట్టం ఇక్కడ గుచ్చుకుంటుంది. 1951 సినిమాలో కూడా ఆ పిల్లలున్నారు గాని క్షణంలో దాటిపోతారు. 1938 సినిమాలో, మపెట్లనే బొమ్మలతో తీసిన సినిమాలో అసలు లేరు.

మరి దీన్నే మొదటిదిగా ఎందుకు చెప్పలేదు? ఉదయం వల్ల. స్కాట్ ఆనందం మర్యాదస్తుడి ఆనందం. మంచం మీద గెంతినా ఎక్కడో బిగువు పోదు. కోపానికి, పుస్తకానికి దగ్గరగా ఉండే గాంభీర్యానికి స్కాట్, మారిన మనిషిని చూడటానికి సిమ్. పుస్తకం చదివి, పేదరికం గురించి డికెన్స్ అన్నదాన్ని తెర మీద వినాలనుకునేవారు, ముఖ్యంగా ఇంటర్, డిగ్రీలో ఈ కథను పాఠంగా చదివే పిల్లలు ఉన్న ఇల్లు, ఈ 1984 సినిమాను ముందు చూడటం మంచిది. రంగుల్లో ఉండటం వల్ల నలుపు తెలుపు అంటే మొహం తిప్పుకునేవారికి కూడా ఇదే నా సలహా.

పాతవి, పాటలవి

1935 సినిమాలో సీమర్ హిక్స్ స్క్రూజ్‌గా నటించాడు. అప్పటికి ముప్పై ఏళ్లకు పైగా రంగస్థలం మీద ఆ వేషం కడుతున్నవాడు, 1913 మూకీలో కూడా చేసినవాడు. మార్లీ ఆత్మ ఇందులో స్క్రూజ్‌కు కనిపిస్తుంది గాని మనకు కనిపించదు. ఖర్చు కలిసిందో కళ కలిసిందో గాని ఆలోచన బాగుంది. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు చూడవచ్చు, మిగతావారికి బొమ్మ, శబ్దం రెండూ ఓపికకు పరీక్ష పెడతాయి.

1938లో హాలీవుడ్ కంపెనీ ఎం.జి.ఎం. తీసిన సినిమా 69 నిమిషాలే కాబట్టి సమయం లేనివారికి ఆకర్షణగా ఉంటుంది. రేడియోలో ఏటా ఈ వేషం వేసి పేరు తెచ్చుకున్న లయోనెల్ బారీమోర్ చేయవలసింది, ఆరోగ్యం సహకరించక రెజినాల్డ్ ఓవెన్‌కు దక్కింది. ఇల్లంతా వెచ్చగా, అందరూ శుభ్రంగా, పేదరికం కూడా ముద్దుగా ఉంటుంది. స్క్రూజ్ ప్రేమించిన అమ్మాయి కథను తీసేశారు, శవం దుప్పట్లు అమ్ముకునేవాళ్లను తీసేశారు. క్రాచిట్ మంచుముద్ద విసిరి యజమాని టోపీ పడగొట్టి ఉద్యోగం పోగొట్టుకునే సంఘటన చేర్చారు. మధ్యాహ్నం నిద్ర రాకుండా చూసుకోవడానికి పరవాలేదు. కథను దీనితో మొదటిసారి చూసినవారికి ఇందులో అంత గొప్ప ఏముందని అనిపిస్తే తప్పు వాళ్లది కాదు.

1970 సినిమా గురించి, నా పొరపాటు పుణ్యమా అని, కొంచెం ఎక్కువే తెలుసు. రోనాల్డ్ నీమ్ దర్శకుడు, పాటలు లెస్లీ బ్రికస్. స్క్రూజ్‌గా వేసిన ఆల్బర్ట్ ఫిన్నీకి అప్పటికి ముప్పై నాలుగేళ్లే. అందువల్ల యువకుడిగానూ తానే నటించగలిగాడు. పాటల మధ్య పెరిగిన తెలుగు ప్రేక్షకులకు ఇది వెంటనే అలవాటైపోతుంది. ఒక సన్నివేశం మాత్రం ఎవరు చూసినా మరువరు: రాబోయే కాలంలో ఊళ్లో జనమంతా వీధిలో కృతజ్ఞతలు చెబుతూ హుషారుగా పాడుతుంటే, తనకేదో మేలు చేసినందుకని పొంగిపోయి స్క్రూజ్ కూడా గొంతు కలిపి ఆడతాడు. ఆ ఊరేగింపు తన శవపేటికదని, ఆ కృతజ్ఞత తాను చచ్చినందుకని అతనికి తెలియదు. తరువాత అలెక్ గిన్నిస్ మార్లీగా మళ్లీ వచ్చి స్క్రూజ్‌ను నరకంలోకి తీసుకెళ్లే భాగం అనవసరంగా తగిలించినట్టుంటుంది. నిడివి ఎక్కువ, పాటల్లో సగం సాధారణం. అయినా పెద్ద గుంపుగా కూర్చుని చూడటానికి, మధ్యలో టీలు కలుపుకోవడానికి ఇది అనువైనది.

పిల్లలున్న ఇంటికి

ఇక్కడ సందేహం లేకుండా 1992లో బ్రయాన్ హెన్సన్ తీసిన మపెట్ల సినిమా. గుడ్డతో, దూదితో చేసిన బొమ్మల మధ్య మైకేల్ కెయిన్ ఒక్కడే ముఖ్య మానవ నటుడు. అతను చుట్టూ ఉన్నవి బొమ్మలని తెలిసినట్టు ఒక్క చోట కూడా కన్ను గీటడు. పెద్ద రంగస్థల నటుల పక్కన నిలబడినంత గంభీరంగా నటిస్తాడు. కప్ప క్రాచిట్ అవుతాడు, కప్ప మేనల్లుడు టైనీ టిమ్ అవుతాడు, అయినా ఆ ఖాళీ కుర్చీ, గోడకు ఆనించిన చిన్న ఊతకర్ర కనబడేసరికి గదిలో ఎవరూ మాట్లాడరు. కథ చెప్పే గాంజో అనే బొమ్మ డికెన్స్ వేషంలో ఉండి పుస్తకంలోని వాక్యాలనే చాలా చోట్ల చెబుతాడు; గంభీరమైన సినిమాలు వదిలేసిన రచయిత గొంతు ఇలా బొమ్మల ద్వారా దక్కడం విచిత్రం. భయపెట్టే ముసుగు ఆత్మ వచ్చే ముందు గాంజో, అతని వెంట ఉండే ఎలుక బొమ్మ ఇద్దరూ తప్పుకుంటామని చెప్పి మరీ తప్పుకుంటారు, దానితో చిన్న పిల్లలకు కూడా హెచ్చరిక అందుతుంది. స్క్రూజ్‌ను వదిలి వెళ్లే అమ్మాయి పాడే పాట మొదట థియేటర్లలో విడుదల చేసిన కాపీలో లేదు. అది ఉన్న కాపీ దొరికితే దాన్నే ఎంచుకోండి. చివరి పాటకు అర్థం దానితోనే పూర్తవుతుంది.

మరీ చిన్నవాళ్లకు, అరగంటకు మించి కదలకుండా కూర్చోలేనివాళ్లకు, 1983 నాటి మిక్కీ మౌస్ చిత్రం ఉంది. పెద్దవాళ్లు మాత్రం దాదాపు అంతే నిడివి ఉన్న 1971 నాటి రిచర్డ్ విలియమ్స్ యానిమేషన్‌ను వెతకాలి. పాత చెక్కుడు బొమ్మలు కదిలినట్టుండే ఆ చిత్రంలో స్క్రూజ్‌కు, మార్లీకి గొంతులిచ్చింది మళ్లీ సిమ్, హార్డెర్న్ గార్లే. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. ఇరవై అయిదు నిమిషాల్లో మూల కథలోని గని కార్మికులు, లైట్‌హౌస్ కాపలాదారులు కూడా తెర మీదికి వచ్చారంటే ఎంత పొదుపుగా తీశారో చూడండి. అయితే ఆ బొమ్మలు పసివాళ్లను భయపెడతాయి, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

2009లో రాబర్ట్ జెమెకిస్ తీసిన సినిమాలో జిమ్ క్యారీ స్క్రూజ్‌తో పాటు మూడు ఆత్మల వేషాలూ వేశాడు. సంభాషణలు చాలావరకు పుస్తకానివే. కాని అక్షరానికి కట్టుబడినవాడే మధ్యలో స్క్రూజ్‌ను ఎలుకంత చేసి వీధుల్లో గుర్రాల కాళ్ల కింద పరుగెత్తిస్తాడు, ఎందుకో తెలియదు. కంప్యూటర్‌తో చేసిన ముఖాల్లో చర్మం ఉంది గాని ప్రాణం చాలదు. పిల్లల సినిమా అని నమ్మి పెట్టిన ఒక తల్లిదండ్రుల జంట రెండు రాత్రులు దీపం వేసుకుని పడుకోవలసి వచ్చిందని నాతో చెప్పారు. 1999 నాటి పాట్రిక్ స్టీవర్ట్ టెలివిజన్ సినిమా నిజాయతీ గల ప్రయత్నం. మర్చిపోయిన నవ్వు గొంతులో అడ్డుపడి బయటికి వచ్చే క్షణం కోసం ఒకసారి చూడవచ్చు. 2019లో వచ్చిన మూడు భాగాల గై పియర్స్ సిరీస్ పూర్తిగా పెద్దలకు, అదీ పండుగ రోజు కాకుండా ఇంకెప్పుడైనా.

చూసే ముందు

1951 సినిమాకు రంగులు వేసిన కాపీ ఒకటి చలామణీలో ఉంది. దాన్ని తీసుకోవద్దు. ఈ సినిమాలో సగం పని నీడలు చేస్తాయి. స్క్రూజ్ కొవ్వొత్తి పట్టుకుని చీకటి మెట్లు ఎక్కేటప్పుడు చీకటి నల్లగా ఉండాలి. రంగు వేసినప్పుడు అది ముదురు గోధుమరంగు గోడ అయిపోతుంది. పాత ఇంగ్లీషు యాస చెవికి పట్టదు కాబట్టి, ఇంగ్లీషు సినిమాలు రోజూ చూసేవారైనా సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం నయం. ఇంట్లో ఇంగ్లీషు రానివారుంటే మార్లీ వచ్చేముందు ఒకసారి, ఫ్యాన్ చనిపోయే చోట ఒకసారి ఆపి రెండు ముక్కలు తెలుగులో చెప్పండి. మిగతాది సిమ్ ముఖం చెబుతుంది. మా ఇంట్లో అలాగే చేశాం, నాయనమ్మ ఆ తరువాత నన్ను ఆపనివ్వలేదు.

అన్నట్టు, క్రిస్మస్ ఉదయం స్క్రూజ్ అద్దం ముందు నిలబడి తన ముఖం చూసుకుని మురిసిపోయే చోట, అద్దంలో అతని వెనక ఒక క్షణం పాటు సినిమా సిబ్బందిలోని మనిషి ఒకడు కనిపిస్తాడు. మొదటిసారి చూస్తున్నప్పుడు దాన్ని వెతకకండి. రెండోసారికి ఉంచుకోండి.